థింక్‌ప్యాడ్ టీ42 లోపలి మోడెమ్ డెబియన్‌లో కనిపించడం లేదు: రెండు ఈపీఏబీఎక్స్ ఎక్స్‌టెన్షన్ల మధ్య డయలప్ కావాలి

గేటుకాటా:

అందరికీ నమస్కారం. రైస్ మిల్లు గేటు దగ్గర వేబ్రిడ్జి గదిలో థింక్‌ప్యాడ్ టీ42 ఉంది, దానిలో డెబియన్ 12 (లినక్స్), 32 బిట్. కాటా ఇండికేటర్ నుంచి యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ ద్వారా తూకాలు వచ్చి ఒక సీఎస్‌వీ ఫైల్లో చేరుతున్నాయి. ఆ ఫైలు గంటకోసారి ఆఫీసుకి చేరితే చాలు. గేటుకీ ఆఫీసుకీ మధ్య దాదాపు కిలోమీటరున్నర. ఉన్నది పాత టెలిఫోన్ కేబులే, అది ఈపీఏబీఎక్స్‌కి (మిల్లు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజి) వెళ్తుంది. గేటు దగ్గర 23, ఆఫీసులో 31 నంబరు ఎక్స్‌టెన్షన్లు. కొత్తగా కేబుల్ లాగే వీల్లేదు, గేటు దగ్గర మొబైల్ డేటా నిలకడగా ఉండదు.

టీ42లో మోడెమ్ సాకెట్ ఉంది కాబట్టి డయలప్ పెడదామనుకున్నాం. మోడెమ్‌ని వెతికే డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ నడిపితే మోడెమ్ ఏదీ దొరకలేదు అంటోంది. హార్డ్‌వేర్ జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐలో మాత్రం ఇంటెల్ 82801డీబీ ఏసీ97 మోడెమ్ కంట్రోలర్ అని, ఐడీ 8086:24సీ6 అని కనిపిస్తోంది.

దీనికి డ్రైవరు ఏది? ఆఫీసు వైపు కొత్త లాప్‌టాప్‌లో మోడెమే లేదు, దానికి ఏం కొనాలి? 56కే వేగం వస్తుందా?

(ఈ ఫోరం తెలుగు లిపిలోనే కాబట్టి ఆదేశాలు కూడా తెలుగులోనే రాయండి, టెర్మినల్‌లో ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టుకుంటాను.)

కెర్నల్‌కబుర్లు:

డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్‌కి దొరక్కపోవడం సహజమేనండీ. అది వెతికేది సీరియల్ పోర్టుల్లో, అంటే టీటీవైఎస్, టీటీవైయూఎస్‌బీ, టీటీవైఏసీఎం పేర్లతో ఉన్న డివైజుల్లో. మీ టీ42లో ఉన్నది సీరియల్ మోడెమ్ కాదు. లోపల ఎండీసీ అనే చిన్న కార్డు ఉంటుంది. దాని మీద ఉండేవి ఫోన్ లైనుకి ఆనుకునే సర్క్యూటు, ఒక కోడెక్ (లైను సిగ్నల్‌ని అంకెలుగా, అంకెల్ని సిగ్నల్‌గా మార్చే చిప్), అంతే. ఏటీ కమాండ్లు (మోడెమ్‌కి ఇచ్చే ఆదేశాలు) అర్థం చేసుకోవడం, సిగ్నల్ మాడ్యులేషన్ లాంటి పనులన్నీ సీపీయూ మీద సాఫ్ట్‌వేరే చేయాలి. విన్‌మోడెమ్ అని అందరూ తిట్టుకున్న రకం ఇదే.

మీరు ఇచ్చిన 8086:24సీ6 అనేది ఇంటెల్ చిప్‌సెట్‌లో కంట్రోలర్ ఐడీ మాత్రమే. దాన్ని బట్టి డ్రైవరు నిర్ణయించకండి. చాలామంది పొరపాటు పడి రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. అదే కంట్రోలర్ వెనక ఒక లాప్‌టాప్‌లో ఒక కంపెనీ కోడెక్, ఇంకో లాప్‌టాప్‌లో వేరే కంపెనీ కోడెక్ ఉంటుంది. తేల్చాల్సింది కోడెక్ ఏమిటన్నది.

ముందు మోడ్‌ప్రోబ్ ఎస్‌ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం కొట్టండి. తర్వాత ఏప్లే -ఎల్. అందులో సౌండ్ కార్డుతో పాటు మోడెమ్ అనే పేరుతో ఇంకో కార్డు కనిపించాలి. దాని నంబరు గుర్తుపెట్టుకోండి, మామూలుగా 1. ఇప్పుడు /ప్రాక్/ఏసౌండ్/కార్డ్1/ డైరెక్టరీలో కోడెక్97తో మొదలయ్యే ఫోల్డర్లోకి వెళ్లి, ఎంసీ97తో మొదలయ్యే ఫైలుని క్యాట్ చేయండి. మొదటి లైన్లో సిలికాన్ ల్యాబొరేటరీ ఎస్‌ఐ3036 అని ఉంటే మీ పని సులువు, ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ అనే ప్రోగ్రాంతో నడుస్తుంది. కోనెగ్జాంట్ అని ఉంటే (కోడెక్ పేరు సీఎక్స్‌టీతో మొదలవుతుంది) దానికి లినక్సెంట్ సంస్థ ఇచ్చిన హెచ్‌ఎస్‌ఎఫ్ డ్రైవరు కావాలి. దాని ఉచిత వెర్షన్ 14.4 కిలోబిట్ల దగ్గర ఆగిపోతుంది, పైగా నేటి కెర్నల్‌కి ఎక్కించడం చాలా కష్టం. ఆ కోడెక్ వస్తే లోపలి మోడెమ్‌ని వదిలేసి రెండు వైపులా యూఎస్‌బీ మోడెమే పెట్టుకోండి. దాంతో కుస్తీ పట్టేంత విలువ లేదు.

సిలికాన్ ల్యాబ్స్ కోడెక్కే అనుకుని చెబుతున్నాను. డెబియన్ నాన్-ఫ్రీ విభాగంలో ఎస్‌ఎల్-మోడెమ్-డీమన్ ప్యాకేజీ కోసం చూడండి. దొరక్కపోతే ఎస్‌ఎల్‌మోడెమ్ 2.9.11 సోర్సు తీసుకుని, లిబ్‌ఏసౌండ్2-డెవ్ వేసుకుని, మోడెమ్ ఫోల్డర్లో మేక్ సపోర్ట్_ఆల్సా=1 అంటే ఆల్సా (లినక్స్ సౌండ్ వ్యవస్థ) ద్వారా నడిచే ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ తయారవుతుంది. కెర్నల్ మాడ్యూల్ భాగాన్ని కంపైల్ చేయనక్కర్లేదు, ఆ పనికి ఎస్‌ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం ఉంది. ఇందులో డీఎస్‌పీ భాగం సోర్సు లేకుండా 32 బిట్ బైనరీగానే వస్తుంది. మీది 32 బిట్ డెబియన్ కావడం కలిసొచ్చింది. 64 బిట్ వాళ్లకైతే జీసీసీ-మల్టీలిబ్, 32 బిట్ ఆల్సా లైబ్రరీ కూడా కావాలి.

రూట్‌గా ఇలా నడపండి: ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ -సీ ఇండియా --ఆల్సా హెచ్‌డబ్ల్యూ:1. దేశం పేరు ఎలా రాయాలో --కంట్రీలిస్ట్ అంటే చూపిస్తుంది. అంతా బాగుంటే /డెవ్/టీటీవైఎస్‌ఎల్0 అనే లింకు తయారైందని చెప్పి, దాన్నే మోడెమ్‌గా వాడమంటుంది. ఆ లింకు నిజానికి /డెవ్/పీటీఎస్ కింద ఉన్న ఒక సూడో టెర్మినల్‌కి (సాఫ్ట్‌వేర్ సృష్టించిన పోర్టు) వెళ్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, పీపీపీ (ఫోన్ లైను మీద నెట్‌వర్క్ లింకు కట్టే పద్ధతి) పెట్టేటప్పుడు దీనివల్ల రెండు తేడాలు వస్తాయి.

ఒకటి, సూడో టెర్మినల్‌కి క్యారియర్ డిటెక్ట్ అనే తీగ ఉండదు. లైను తెగినా పీపీపీడీకి (పీపీపీ నడిపే ప్రోగ్రాం) తెలియదు, కనెక్షన్ ఉందనుకుని కూర్చుంటుంది. అందుకే డబ్ల్యూవీడయల్ వాడితే క్యారియర్ చెక్ = నో అని పెట్టాలి. నేరుగా పీపీపీడీ వాడితే లోకల్ ఆప్షన్, దాంతో పాటు ఎల్‌సీపీ-ఎకో-ఇంటర్వల్ 10, ఎల్‌సీపీ-ఎకో-ఫెయిల్యూర్ 3. అప్పుడు అవతలి వైపు నుంచి అర నిమిషం జవాబు లేకపోతే తనే దింపేస్తుంది.

రెండోది అనుమతులు. రూట్ కాని యూజరు ఆ పీటీఎస్‌ని తెరవాలంటే ఎస్‌ఎల్‌మోడెమ్‌డీకి -జీ డయల్‌అవుట్ అని ఇచ్చి, ఆ యూజర్ని డయల్‌అవుట్ గ్రూపులో చేర్చాలి.

ఇంకో సంగతి. రీబూట్ తర్వాత ఒక్కోసారి మోడెమే 0వ కార్డుగా ఎక్కి, స్పీకర్ల నుంచి శబ్దం రాకుండా పోతుంది, ఎస్‌ఎల్‌మోడెమ్‌డీకి ఇచ్చిన హెచ్‌డబ్ల్యూ:1 కూడా తప్పవుతుంది. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ లో ఒక ఫైలు పెట్టి అందులో ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డీ-ఇంటెల్8ఎక్స్0ఎం ఇండెక్స్=1 అని రాసేయండి. ఇక కదలదు.

రాగిజంట:

డ్రైవరు సంగతి పైన చెప్పారు కాబట్టి లైను గురించి చెబుతాను. మోడెమ్ పని చేయడం లేదని వచ్చే వాటిలో చాలా భాగం అసలు లైనువే.

అన్నిటికన్నా ముందు, ఆ 23, 31 ఎక్స్‌టెన్షన్లు అనలాగ్ పోర్టులేనా అన్నది చూసుకోండి. మామూలు చవక ఫోను తగిలిస్తే డయల్ టోన్ వచ్చి, అవతలి ఎక్స్‌టెన్షన్ మోగితే అనలాగే. డిస్‌ప్లే, బోలెడు బటన్లు ఉన్న ఆపరేటర్ కీఫోన్ పోర్టు అయితే అందులో మోడెమ్ పిన్ను పెట్టకండి. అది డిజిటల్ పోర్టు, మోడెమ్‌లో లైను వైపు సర్క్యూటు మాడిపోయే ప్రమాదం ఉంది.

56కే రాదండీ, డ్రైవరు మార్చినా రాదు. వీ.90, వీ.92 పద్ధతుల్లో 56కే వచ్చేది అవతలి వైపు ఐఎస్‌పీ డిజిటల్‌గా ఎక్స్ఛేంజికి కలిసి ఉన్నప్పుడే, అదీ డౌన్‌లోడ్ దిశలోనే. దారిలో అనలాగ్ నుంచి డిజిటల్‌కి మార్పిడి ఒకే ఒక్కసారి జరగాలి. మీ దగ్గర రెండు చివరలా అనలాగ్ మోడెమ్‌లే, మధ్యలో ఈపీఏబీఎక్స్ రెండు వైపులా మారుస్తుంది. కాబట్టి వీ.34, గరిష్ఠంగా 33.6 కిలోబిట్లు. కిలోమీటరున్నర పాత కేబుల్ మీద 28.8 నిలకడగా వస్తే చాలా బాగున్నట్టు. 28.8 దగ్గర 1 ఎంబీ ఫైలుకి 5 నిమిషాలు పడుతుంది. తూకం రికార్డులకి ఆ వేగం కావాల్సినదానికన్నా ఎక్కువే.

ఈపీఏబీఎక్స్ ఇచ్చే డయల్ టోన్ పబ్లిక్ ఎక్స్ఛేంజి టోన్‌లా ఉండదు. ఫ్రీక్వెన్సీ వేరు, కొన్నిట్లో ఆగి ఆగి వస్తుంది. మోడెమ్ దాన్ని గుర్తుపట్టక నో డయల్‌టోన్ అంటుంది. డయల్ చేసే ముందు ఏటీఎక్స్3 పంపండి. అప్పుడు టోన్ కోసం ఎదురుచూడకుండా డయల్ చేస్తుంది, బిజీ టోన్‌ని మాత్రం పట్టుకుంటుంది. ఎత్తగానే అంకెలు పోకుండా ముందు ఒక కామా పెట్టండి: ఏటీడీటీ,31. కామాకి 2 సెకన్లు ఆగుతుంది.

తర్వాత ఈపీఏబీఎక్స్ ప్రోగ్రామింగ్‌లో ఆ రెండు ఎక్స్‌టెన్షన్లకీ కాల్ వెయిటింగ్, బార్జ్-ఇన్ (నడుస్తున్న కాల్‌లోకి ఇంకొకరు చొరబడటం) రెండూ తీసేయించండి. మాట్లాడేటప్పుడు వినపడే ఆ బీప్ మనకి చిన్న అంతరాయమే, మోడెమ్‌కి మాత్రం ఆ క్షణంలో సిగ్నల్ మొత్తం చెడిపోతుంది, మళ్లీ ట్రైనింగ్ (రెండు మోడెమ్‌లూ లైనుకి తగ్గట్టు సర్దుకోవడం) మొదలుపెడుతుంది లేదా తెగిపోతుంది. ఎక్స్‌టెన్షన్ కాల్‌కి గరిష్ఠ సమయం పెట్టి ఉంటే అదీ చూడండి.

పారలల్‌గా ఇంకో ఫోను ఉంటే పరీక్ష సమయంలో ఉంచుకోండి, పని మొదలయ్యాక పీకేయండి. ఎవరో ఒకరు రిసీవర్ ఎత్తుతారు. పరీక్షలో మాత్రం అది చాలా పనికొస్తుంది. టీ42 మోడెమ్‌లో రిలే ఉండదు కాబట్టి లైను ఎత్తినప్పుడు టిక్ మనే చప్పుడు వినపడదు. ఆ ఫోను రిసీవర్ చెవికి పెట్టుకుంటే డయల్ అంకెలు, అవతలి మోడెమ్ కూత, తర్వాత రెండూ కలిసి బుస్సుమనే శబ్దం, అన్నీ వినొచ్చు. మాట్లాడకుండా, మౌత్‌పీస్ చేత్తో మూసి వినండి. ఎక్కడ ఆగిందో చెవికే తెలుస్తుంది.

పీపీపీ‌దారి:

ఆఫీసు వైపు సంగతి. యూఎస్‌బీ మోడెమ్ కొనేటప్పుడు లోపల కంట్రోలర్ ఉన్నదే కొనండి. పెట్టె మీద సీడీసీ ఏసీఎం అని ఉన్నా, లినక్స్‌కి డ్రైవరు అక్కర్లేదని రాసి ఉన్నా అదే. యూఎస్ రోబోటిక్స్ 5637, జూమ్ 3095 ఈ కోవవే. బజారులో పేరు లేకుండా చవగ్గా దొరికే వాటిలో చాలా వరకు కోనెగ్జాంట్ చిప్‌వి. ఎల్‌ఎస్‌యూఎస్‌బీలో 0572:1329 లేదా 0572:1340 అని వస్తే కెర్నల్లోని సీడీసీ_ఏసీఎం డ్రైవరు వాటిని గుర్తుపడుతుంది. తగిలించగానే /డెవ్/టీటీవైఏసీఎం0 రావాలి. రాకపోతే అది సాఫ్ట్ మోడెమ్, షాపులో తిరిగిచ్చేయండి.

టీటీవైఏసీఎం0 వచ్చిన వెంటనే మోడెమ్‌మేనేజర్ దాని మీద పడుతుంది. 4జీ డాంగిల్ అనుకుని ఏవేవో ఏటీ కమాండ్లు పంపి చూస్తుంది. ఆ సమయంలో మినీకామ్ (మోడెమ్‌తో నేరుగా మాట్లాడే టెర్మినల్ ప్రోగ్రాం) తెరిస్తే చెత్త అక్షరాలు, లేదా డివైజ్ బిజీ. 4జీ డాంగిల్ వాడని మెషీన్‌లో సిస్టమ్‌సీటీఎల్ డిసేబుల్ --నౌ మోడెమ్‌మేనేజర్ చాలు. వాడేట్టయితే యూడెవ్ రూల్‌లో ఈ వెండర్, ప్రొడక్ట్ ఐడీకి ఐడీ_ఎంఎం_డివైజ్_ఇగ్నోర్ విలువ 1 పెట్టండి.

దేశం సెట్టింగ్ మర్చిపోకండి: ఏటీ+జీసీఐ=53. 53 అంటే ఇండియా కోడు. కొన్ని మోడెమ్‌లు అమెరికా సెట్టింగ్‌తో వస్తాయి, రింగును సరిగ్గా పట్టుకోవు.

పీపీపీ జోలికి పోకుండా ముందు మినీకామ్‌తో రెండు వైపులా పరీక్షించండి. ఆఫీసులో టీటీవైఏసీఎం0, గేటు దగ్గర టీటీవైఎస్‌ఎల్0, రెండూ 115200, 8ఎన్1, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్. ఈ 115200 అన్నది లాప్‌టాప్‌కీ మోడెమ్‌కీ మధ్య వేగం, లైను వేగం కాదు, తగ్గించకండి. గేటు నుంచి ఏటీఎక్స్3, తర్వాత ఏటీడీటీ,31. ఆఫీసు తెర మీద రింగ్ అని వస్తుంది, అక్కడ ఏటీఏ కొట్టండి. 20, 30 సెకన్లకి రెండు వైపులా కనెక్ట్ అని రావాలి. ఇటు కొట్టిన అక్షరం అటు కనిపిస్తే లైను, మోడెమ్‌లు, డ్రైవరు అన్నీ బాగున్నట్టే. ఆ తర్వాత వచ్చే చిక్కులన్నీ పీపీపీవే.

గేటు వైపు నుంచే డయల్ చేయించండి, ఆఫీసు వైపు ఎత్తనివ్వండి. కాల్ కోసం రోజంతా కాచుకుని ఉండే పని కంట్రోలర్ ఉన్న మోడెమ్‌కే తగినది. ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ కూడా ఎత్తగలదు, కానీ ఆ ప్రాసెస్ ఎప్పుడూ బతికే ఉండాలి.

ఆఫీసులో ఎంగెట్టీ (వచ్చిన కాల్ ఎత్తే ప్రోగ్రాం) వేయండి. దానికి చిన్న సిస్టమ్‌డీ యూనిట్ రాసి, ఎగ్జెక్‌స్టార్ట్‌లో ఎంగెట్టీ -డీ -ఎస్ 115200 టీటీవైఏసీఎం0 పెట్టండి. మొదటిది పెద్ద డీ, డేటా కాల్స్ మాత్రమే అని. రెండోది చిన్న ఎస్. రీస్టార్ట్=ఆల్వేస్ తప్పనిసరి. ప్రతి కాల్ అయ్యాక ఎంగెట్టీ ముగిసిపోతుంది, మళ్లీ లేపేవాళ్లు లేకపోతే రెండో కాల్ ఎవరూ ఎత్తరు.

గేటుకాటా:

చాలా థాంక్సండీ అందరికీ. కోడెక్ సిలికాన్ ల్యాబ్స్‌దే. ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ నడిచింది. ఆఫీసుకి 0572:1329 మోడెమ్ వచ్చింది. మినీకామ్‌లో రెండు వైపులా అక్షరాలు వెళ్తున్నాయి, కనెక్ట్ 28800 చూపిస్తోంది.

ఇప్పుడు పీపీపీ దగ్గర రెండు రకాలుగా ఆగుతోంది. కొన్నిసార్లు కనెక్ట్ స్క్రిప్ట్ ఫెయిల్డ్ అని, లాగులో చాట్ ఎగ్జిట్ కోడ్ 3. మిగతాసార్లు కనెక్ట్ అయ్యాక సీరియల్ లైన్ ఈజ్ లూప్డ్ బ్యాక్ అని వచ్చి తెగిపోతోంది. కనెక్షన్ నిలబడ్డాక ఫైలు పంపడానికి ఏది మంచిది?

పీపీపీ‌దారి:

మొదటిది టైమవుట్. చాట్‌కి (మోడెమ్‌తో డయల్ చేయించే ప్రోగ్రాం) కోడ్ 3 అంటే ఎదురుచూసిన మాట రాలేదని. అప్రమేయంగా అది 45 సెకన్లే ఆగుతుంది. మీ కామా, రింగులు, ఎంగెట్టీ ఎత్తడం, వీ.34 ట్రైనింగ్ అన్నీ కలిపితే కొన్నిసార్లు దాటిపోతోంది. చాట్ స్క్రిప్ట్‌లో డయల్ లైనుకి ముందు టైమవుట్ 90 అని పెట్టండి. అంతకు పైన అబార్ట్ లైన్లలో బిజీ, నో క్యారియర్, నో డయల్‌టోన్ మూడూ ఉండాలి, లేకపోతే లైను బిజీగా ఉన్నా 90 సెకన్లూ ఊరికే కూర్చుంటుంది. మోడెమ్ కూడా క్యారియర్ కోసం అంతసేపు ఆగేలా ఏటీఎస్7=90.

రెండోదానికీ లైనుకీ సంబంధం లేదు. ఆఫీసు వైపు ఎంగెట్టీ కాల్ ఎత్తి లాగిన్ ప్రాంప్ట్ చూపిస్తోంది. గేటు వైపు పీపీపీడీ ప్యాకెట్లు పంపుతోంది. లాగిన్ ప్రాంప్ట్ వాటిని కొట్టిన అక్షరాలనుకుని యథాతథంగా వెనక్కి చూపిస్తోంది. తన ప్యాకెట్లే తనకి తిరిగొచ్చేసరికి పీపీపీడీ లూప్ అంటోంది. /ఈటీసీ/ఎంగెట్టీ/లాగిన్.కాన్ఫిగ్‌లో /ఆటోపీపీపీ/ అని మొదలయ్యే లైను ముందు # ఉంటే తీసేయండి. అప్పుడు పీపీపీ ప్యాకెట్ కనిపించగానే ఎంగెట్టీ లాగిన్ అడక్కుండా పీపీపీడీకి అప్పగిస్తుంది.

ఆ లైను చివర పీపీపీడీకి ఫైల్ /ఈటీసీ/పీపీపీ/ఆప్షన్స్.గేటు అని ఇచ్చి, ఆ ఫైల్లో 10.11.0.1:10.11.0.2, ఆథ్, రిక్వైర్-పాప్, సీఆర్‌టీఎస్‌సీటీఎస్, మోడెమ్, ఇంకా ఆ రెండు ఎల్‌సీపీ-ఎకో లైన్లు రాయండి. ఇక్కడ నిజమైన మోడెమ్ కాబట్టి లోకల్ కాదు, మోడెమ్ ఆప్షనే. పాప్-సీక్రెట్స్‌లో పేరు, పాస్‌వర్డ్ రెండు వైపులా ఒకటే ఉండాలి. సొంత ఈపీఏబీఎక్స్ కదా, నోఆథ్ పెడితే పోలేదా అనిపిస్తుంది. కానీ మిల్లులో ఏ ఎక్స్‌టెన్షన్ నుంచైనా 31కి డయల్ చేయొచ్చు, పాస్‌వర్డ్ ఉండనివ్వండి. గేటు వైపు నోఆథ్, నోఐపీడీఫాల్ట్, నోడీఫాల్ట్‌రూట్, అప్‌డిటాచ్ పెట్టండి. అప్‌డిటాచ్ వల్ల పాన్ (కనెక్షన్ మొదలుపెట్టే) ఆదేశం లింకు పైకి లేచాకే తిరిగొస్తుంది, స్క్రిప్ట్‌లో దాని తర్వాత నేరుగా ఫైలు పంపే లైను రాసుకోవచ్చు.

ఫైలుకి ఎస్‌ఎస్‌హెచ్ (ఎన్‌క్రిప్ట్ చేసే కనెక్షన్) మీద ఆర్‌సింక్ (మారిన భాగమే పంపే ప్రోగ్రాం). తప్పకుండా -జెడ్ పెట్టండి. మోడెమ్‌లలో వీ.42బిస్ కంప్రెషన్ ఉంటుంది, మామూలు టెక్స్టుని బాగా కుదిస్తుంది, కానీ ఎస్‌ఎస్‌హెచ్ ఎన్‌క్రిప్ట్ చేశాక అందులో కుదించడానికి ఏమీ మిగలదు. కాబట్టి ఎన్‌క్రిప్షన్‌కి ముందే ఆర్‌సింక్ కుదించాలి. --పార్షియల్, --టైమవుట్=60 కూడా ఇవ్వండి. మీ సీఎస్‌వీకి చివర్లోనే లైన్లు చేరుతాయి కాబట్టి రెండోసారి నుంచి ఆర్‌సింక్ కొత్త ముక్కే పంపుతుంది. ఫైలు పెద్దదయ్యే కొద్దీ సరిపోల్చే సమాచారమే పెరుగుతుంది, అందుకని రోజుకో ఫైలు చేసుకుంటే మంచిది.

కెర్నల్‌కబుర్లు:

ఒక్కటి కలుపుతాను. కనెక్ట్ అయ్యాక కాసేపటికి కారణం లేకుండా తెగుతుంటే కేబుల్‌ని అనుమానించే ముందు టీ42 పవర్ సేవింగ్ చూడండి. ఎస్‌ఎల్‌మోడెమ్‌డీకి కొన్ని మిల్లీసెకన్లకోసారి శాంపిళ్లు అందాలి, ఆలస్యమైతే సిగ్నల్‌లో ఖాళీ పడుతుంది, అవతలి మోడెమ్ మళ్లీ ట్రైనింగ్ అడుగుతుంది. గ్రబ్‌లో కెర్నల్ లైనుకి ప్రాసెసర్.మ్యాక్స్_సీస్టేట్=2 కలిపి, సీపీయూ వేగాన్ని నియంత్రించే గవర్నర్‌ని పర్ఫార్మెన్స్‌లో ఉంచి చూడండి. గేటు దగ్గర ఎలాగూ చార్జర్ మీదే ఉంటుంది కదా.

అప్పటికీ తెగుతుంటే వేగం కట్టడి చేయండి. గేటు వైపు డయల్ లైనుకి ముందు ఏటీ+ఎంఎస్=132,0,4800,9600. ఇక్కడ 132 అంటే వీ.32బిస్. ఇది ఎస్‌ఎల్‌మోడెమ్‌డీ రాసే పద్ధతి, ఆఫీసులో ఉన్న కోనెగ్జాంట్ మోడెమ్‌కి అంకె కాదు, వీ32బీ అని పేరు ఇవ్వాలి. 9600 దగ్గర కూడా గంట తూకాల టెక్స్టు నిమిషంలోపే వెళ్లిపోతుంది. ఇది నిలబడి 28800 నిలబడకపోతే తప్పు కేబుల్‌దే, గేటు వైపు డీపీ బాక్సులో (ఫోన్ తీగలు కలిపే పెట్టె) తుప్పు పట్టిన జాయింట్లు విప్పి కొత్తగా కట్టించండి.